తాతలబట్టి అన్న మాటకు ఇంగ్లీషు

నేను బి.ఎ. పాసైన సంవత్సరం మా ఊళ్ళో ఇంకెవరూ పాస్ కాలేదు. అందువల్ల నేను తెలివైనవాణ్ణని ఒక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని సరిచూసుకునే అవకాశం ఎవరికీ ఇవ్వకుండా, దుబాసీ ఉద్యోగం ఒకటి దొరికితే మన్యానికి వెళ్ళిపోయాను. పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అప్పటికి అరకులోయకు రైలు లేదు. రోడ్డు మ్యాపులో ఉండేది. ఘాటీ కింద దాకా ఎడ్లబండి. అక్కణ్ణుంచి గుర్రం ఉన్నవాళ్ళు గుర్రం మీద, డోలీ ఉన్నవాళ్ళు డోలీలో, బి.ఎ. ఉన్నవాళ్ళు కాలినడకన.

నా పని తేలిక. కొండవాళ్ళు తెలుగులో చెప్పింది దొరకు ఇంగ్లీషులో చెప్పాలి. దొర ఇంగ్లీషులో అన్నది వాళ్ళకు తెలుగులో చెప్పాలి. వాళ్ళ ఇళ్ళలో మాట్లాడుకునే భాష వేరే. తెలుగును వాళ్ళు సంత కోసం, సావుకార్ల కోసం, మా బోటివాళ్ళ కోసం నేర్చుకున్నారు. అంటే మోసపోవడానికి ఎంత కావాలో అంత వచ్చు.

దొర పని ఇంకా తేలిక. ఏ కొండ సర్కారు అడవి, ఏ కొండ మనుషులది అని తేల్చడం. ముందే నోటీసు వేశారు, విచారణ అయ్యేదాకా ఎవరూ కొండ మీద కొత్తగా గొడ్డలి వెయ్యకూడదని. తరువాత దొర గుడారం వేసుకుని, ఊరూరా మనుషుల్ని పిలిపించి, ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు. రూలు పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది మరి. ఎవడైతే ఆ భూమిని ‘హేజ్ బీన్ కల్టివేటింగ్’ అని రుజువవుతుందో వాడికి దక్కుతుంది, మిగిలినవాడు దిగిపోవాలి.

ఇక్కడ కొంచెం వ్యాకరణం చెప్పక తప్పదు. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి, కొండవాళ్ళు ఇంతకన్నా ఎక్కువ ఓర్చుకున్నారు.

తెలుగులో మనం ‘దున్నుతున్నాను’ అంటాం. ఎప్పటినుంచో చెప్పాలనుకుంటే ముందు ‘బట్టి’ అని ఒక ముక్క తగిలిస్తాం. నిన్నటిబట్టి దున్నుతున్నాను, పండగబట్టి దున్నుతున్నాను, తాతలబట్టి దున్నుతున్నాను. క్రియకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇంగ్లీషువాడు అలా ఊరుకోడు. ఈ నిమిషాన దున్నుతుంటే ఒక మాట, ఎప్పుడో దున్నేసి ఉంటే ఒక మాట, అప్పుడు మొదలుపెట్టి ఇప్పటికీ దున్నుతూనే ఉంటే ఇంకో మాట. ఈ మూడోదే మా దొరకు ప్రాణం. “కలం ఎత్తకుండా గీసిన గీత” అనేవాడు దాన్ని. అక్కడ మొదలై ఇక్కడి దాకా రావాలి, మధ్యలో ఎక్కడా తెగకూడదు. ఇంగ్లీషు జాతి ప్రపంచానికి ఇచ్చిన వాటిలో ఇదే గొప్పదని ఆయన నమ్మకం. మిగిలినవి చూశాక నేనూ కాదనలేకపోయాను.

ఈ గీత సంగతి మా గుమాస్తా ఒళ్ళంతా ఎరుగును. ఆయన పెద్దవాడు, మైదానంవాడు, ముగ్గురు దొరల కింద పనిచేసి మూడు రకాల తిట్లు తిన్నవాడు. నన్ను “బియ్యే గారూ” అని పిలిచేవాడు. అందులో గౌరవం ఎంత, ఎత్తిపొడుపు ఎంత అన్నది ఆ పూట దొర ఆయనతో ఎలా ఉన్నాడన్నదాన్ని బట్టి ఉండేది. మన అందరిలాగే ఆయనా ‘ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్’ అనేవాడు. పొద్దుటిబట్టి కాచుకుని ఉన్నాను అన్న తెలుగును ఉన్నదున్నట్టు ఇంగ్లీషు ఎడ్లకు కట్టడం అది. దొర టీకప్పు కింద పెట్టి, “ఇప్పుడు కాచుకుని ఉన్నావా, పొద్దుటినుంచి కాచుకుని ఉన్నావా? రెండూ ఒకే వాక్యంలో కాచుకోలేవు” అనేవాడు. తరువాత డోలీ బోయీలూ వంటవాడూ చూస్తుండగా గుడారం గుమ్మంలో నిలబెట్టి సరైన వాక్యం పదే పదే అనిపించేవాడు. బోయీలు దాన్ని ఏదో శాంతి మంత్రమనుకుని మొదట్లో దణ్ణం పెట్టేవారు.

కొన్నాళ్ళకు గుమాస్తా ఆ కాలాన్నే ఎగ్గొట్టడం నేర్చుకున్నాడు. “ఐ కేమ్. ఐ వెయిటెడ్. ఐ యామ్ స్టిల్ వెయిటింగ్” అని మూడు ముక్కలుగా నరికి పెట్టేవాడు. ఏ ముక్కలోనూ తప్పు లేదు. దొరకు అది మరీ అసహ్యంగా ఉండేది.

ఆ వానాకాలంలో ఆయన భార్యకు మైదానంలో జబ్బు చేసింది. సెలవు అడుగుతూ రాశాడు, ‘మై వైఫ్ ఈజ్ ఎయిలింగ్ సిన్స్ లాంగ్’ అని. దొర ఎర్రసిరాతో గీత కొట్టి, దిద్దుకుని రమ్మని పంపించాడు. రెండోసారి ‘హేజ్ ఎయిలింగ్’ అని రాశాడు. తిరిగొచ్చింది. మూడోసారి ‘హేజ్ బీన్ ఎయిల్డ్’. అదీ తిరిగొచ్చింది. నేను దిద్దిపెడతానన్నాను. “వొద్దండి బియ్యే గారూ, మీ చెయ్యి పడితే దొర పట్టేస్తాడు, మళ్ళీ మొదటికొస్తుంది” అన్నాడు. నాలుగోసారి సొంతంగా, ఒక్క తప్పు లేకుండా రాశాడు. అప్పటికి ఆ వాక్యంతో అవసరం తీరిపోయింది.

దొర మర్యాదస్తుడు. సంతాపం చెప్పాడు. సెలవూ ఇచ్చాడు. గుమాస్తా వెళ్ళి, చేయవలసినవి చేసి, గుండుతో తిరిగొచ్చాడు. ఆ తరువాత ఆయన ఆ కాలంలో ఎన్నడూ తప్పలేదు.

కొండ ముసలాయన ఒకడు మా గుడారం దగ్గరకు మొదటిసారి వచ్చింది ఆ వానలు వెనకబడ్డ రోజుల్లోనే. వలిసె చేలు పూసి లోయంతా పసుపుపచ్చగా ఉంది. ముసలాయన వెనక ఆయన పెళ్ళాం, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ. ఆ వారం విచారణలో వాళ్ళ వంతు. వాళ్ళ కొండవాలు మా మకాంకూ ఘాటీకీ మధ్య ఉంది. కిందికి దిగే అడ్డదారి దాని నడుం మీదుగానే పోతుంది.

“బాబూ, దొర ఏటడుగుతాడు? నానేటనాల?” అన్నాడు ముసలాయన.

“ఈ కొండ ఎన్నాళ్ళబట్టి సేత్తన్నావని అడుగుతాడు” అన్నాను నేను వాళ్ళ మాటలోనే.

“తాతలబట్టి.”

“ఇప్పుడు చేస్తున్నావా అని కూడా అడుగుతాడు.”

“ఇప్పుడేటి సేత్తాను? కొండ పడుకున్నాది కదా.”

పోడు సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. వాళ్ళు ఒక వాలు మీద తుప్పలు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో సామలు, చోళ్ళు చల్లుతారు. రెండు మూడు పంటలయ్యాక నేల అలిసిపోతుంది. దాన్ని వదిలేసి ఇంకో వాలుకు పోతారు. వదిలిన చోట మళ్ళీ చెట్లు ఎదిగేదాకా ముట్టుకోరు. ఎదిగాక తిరిగొస్తారు. వదిలేశారని వాళ్ళు అనరు. కొండ పడుకుంది అంటారు. పడుకున్న కొండ ఎవరిదన్న సందేహం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. పక్కింటివాడు నిద్రపోతున్నప్పుడు వాడి పెళ్ళాం ఎవరిదన్న సందేహం రానట్టే.

నాకు ముసలాయన కొండ పడుకుని ఉండడం అదృష్టమనిపించింది. కారణం ఉంది. అంతకు ముందు రోజే పక్క ఊరివాడొకడు, పాపం నిజాయితీగా, “తాతలబట్టి సేత్తన్నాను, నిన్న కూడా కొట్టినాను” అన్నాడు. నేను ‘హేజ్ బీన్ కల్టివేటింగ్’ అని కలం ఎత్తకుండా చెప్పాను. దొర సంతోషించాడు. నిన్న కూడా కొట్టాడంటే నోటీసు వేశాక కొట్టాడన్నమాట, అది నేరం, కాబట్టి జరిమానా వేసి దింపేశాడు. చెయ్యనివాడికి హక్కు లేదు, చేసినవాడికి శిక్ష. ఇంగ్లీషులో ఇది చాలా నిర్దుష్టంగా ఉంటుంది.

ముసలాయన మాత్రం నోటీసు తరువాత గొడ్డలి ఎత్తలేదు. కొండ నిద్రలో ఉంది, ఎత్తే పనే లేదు. ఇక రుజువు కావలసింది ఒక్కటే, నిద్ర కూడా సేద్యంలో భాగమేనని. దానికి ఇంగ్లీషు వెతకాలి.

“కొంచెం ఆలోచించుకోనీ” అన్నాను.

ముసలమ్మ చుట్ట తీసి ఉమ్మింది. “ఆలోసించాలా? అంత సదువు సదివి ఒక్క మాట మొయ్యలేవేటి బాబూ? మావోడు దొరనే మోత్తాడు.”

“ఊరుకోయే” అన్నాడు ముసలాయన. “ఆ బాబుకి మాట బరువు. నీకు నోరు తేలిక.”

నిజమే, ఆయన డోలీ మోసేవాడు. ఆ ఊరు వంతుల వారీగా వెట్టికి మనుషుల్ని పంపాలి. ఆ వయసులో ఆయన రావడానికి కారణం, వయసులో ఉన్నవాళ్ళంతా రోడ్డు పనిలో రాళ్ళు కొడుతున్నారు.

విచారణ రోజున దొర కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మన్యం జ్వరం ఆయనను పట్టుకుంది. ఒకరోజు వణికించి, ఒకరోజు వదిలేసి, మళ్ళీ వణికించే రకం. ఉపాహారం దగ్గర నాతో “ఐ హావ్ బీన్ హావింగ్ ఫీవర్ ఫర్ త్రీ వీక్స్” అని, ఆ వాక్యం రుచి చూస్తున్నట్టు ఒక క్షణం ఆగాడు. నేను ఆ వాక్యాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ముసలాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొర అడిగాడు, నేను తెలుగు చేశాను. “ఈ కొండ ఎన్నాళ్ళబట్టి చేస్తున్నావు?”

“తాతలబట్టి బాబూ.”

చెప్పాను. దొర తలూపాడు.

“ఇప్పుడు చేస్తున్నావా?”

“ఇప్పుడు కొండ పడుకున్నాది.”

ముసలమ్మ గుడారం తాడు దగ్గర కూచుని నా నోటి వంక చూస్తోంది. నేను ఊపిరి పీల్చుకుని, “ద హిల్ హేజ్ బీన్ స్లీపింగ్, సర్” అన్నాను.

దొర ముఖం వికసించింది. “వాట్ ఎ సెంటెన్స్!” అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. గుమాస్తాను పిలిచి, “విన్నావా, ఇదీ వాడాల్సిన తీరు” అన్నాడు. గుమాస్తా వంగి విన్నాడు. కాలేజీలో మూడేళ్ళు చదివినా నాకు అంత మెప్పు దొరకలేదు. దొర నవ్వుతున్నాడు గనక ముసలాయన కూడా నవ్వాడు. ముసలమ్మ నవ్వలేదు. ఆవిడకు దొరలు నవ్వడం ముందే అనుభవమనుకుంటాను.

“అయితే, నిద్రపోతున్న భూమి సేద్యంలో ఉన్న భూమి కాదు కదా” అన్నాడు దొర, ఇంకా చిరునవ్వుతోనే. “ఇక్కడ కలం లేచింది.”

నేను జేబులోది బయటికి తీశాను. “అయ్యా, మీకు నిన్న జ్వరం ఉందా?”

“లేదు.”

“మొన్న?”

“ఉంది.”

“నిన్న లేకపోయినా మూడు వారాలుగా ‘హావ్ బీన్ హావింగ్’ అన్నారు.”

“జ్వరం వదిలిన రోజున కూడా నెత్తురులోనే ఉంటుంది. అది పోలేదు. ఊరికే నిద్రపోయింది...” అని దొర ఆగాడు.

గుమాస్తా కలం సిరాబుడ్డి మీదే ఉండిపోయింది. దొర నన్ను చూసి, కొండవైపు చూసి, కాసేపు నిజంగానే ఆలోచించాడు. ఆయన అన్యాయస్తుడు కాడు, తర్కమంటే గౌరవం ఉన్నవాడు. చివరికి ఒక నిట్టూర్పు విడిచాడు.

“చాలా బాగుంది. కానీ ఒక్క తేడా ఉంది. జ్వరం నాది. కొండ సర్కారుది.”

కాగితం కింద సంతకం పెట్టాడు. రేపటినుంచి ఆ వాలులో ఎవరూ అడుగు పెట్టకూడదు. కర్ర కొట్టకూడదు, దుంప తవ్వకూడదు. అంచున రాళ్ళు పాతించి, ఒక గార్డును కాపలా పెడతారు.

ముసలాయనకు చెప్పాను. ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. తరువాత, “మరి దొర బాగుందన్నాడు కదా? నవ్వినాడు కదా?” అన్నాడు.

“మాట బాగుందన్నాడు” అన్నాను.

“ఎవుల మాట?”

“నా మాట.”

“అయితే కొండ నీకిచ్చీసినాడేటి?” అంది ముసలమ్మ.

మరి నాలుగు రోజులకు జ్వరం వదలడం మానేసింది. దొరను త్వరగా కిందికి దింపి, మైదానంలో డాక్టరుకు చూపించాలన్నారు. డోలీకి నలుగురు బోయీలు వచ్చారు. ముందు కొమ్ముకు ముసలాయన. దొర కంబళ్ళ మధ్య టకటక కొట్టుకునే పళ్ళతో ఉన్నాడు. దుబాసీ లేకుండా దొర మన్యంలో వణకడం కూడా కుదరదు గనక నేను పక్కన నడుస్తున్నాను.

కొత్తగా పాతిన రాళ్ళ దగ్గరకు వచ్చేసరికి బోయీలు అడ్డదారి వదిలి, కొండ చుట్టూ తిరిగే పెద్దదారి పట్టారు. అది పూట పట్టే దారి. దొర తెర తొలగించి, “వై ఆర్ వియ్ నాట్ గోయింగ్ స్ట్రెయిట్?” అన్నాడు.

అడిగాను. ముసలాయన డోలీ కొమ్ము భుజం మార్చుకుని, రాళ్ళవైపు గడ్డం చూపించాడు. “అందులో అడుగెట్టొద్దన్నాడు కదా దొర. దొర మాట దాటతామేటి?”

ఆ గొంతులో వినయం తప్ప ఏమీ లేదు. వెనక కొమ్ము పట్టినవాడు దగ్గాడు. దొర ఆ వినయాన్ని జ్వరంలో కూడా గుర్తుపట్టాడు. “ఈ రోజుకు నేను అనుమతిస్తున్నానని చెప్పు” అన్నాడు.

“ఈయేలకేనా, ఎప్పటికీనా?” అన్నాడు ముసలాయన.

“ఈ రోజుకు మాత్రమే.”

ముసలాయన నవ్వాడు. సొంత కొండలోకి అనుమతి మీద, సర్కారును భుజాన వేసుకుని దిగాడు. తుప్పలు మోకాలు దాటి ఎదిగి ఉన్నాయి. ఒకచోట జీలుగు చెట్టు పక్కగా పోతూ, దాన్ని చూసి తలూపాడు, ఎదురైన చుట్టానికి ఊపినట్టు.

ఘాటీ కింద దొరను బండిలోకి ఎక్కించాం. ఆయన వెళ్ళిపోయాడు. బోయీలు కలయబెట్టిన అంబలి తాగి వెనక్కు తిరిగారు, నేనూ వాళ్ళతోనే. రాళ్ళ దగ్గర మళ్ళీ ఆగాం. పొద్దు ఇంకా ఉంది.

“దొర ఈయేలంతా అన్నాడు కదా బాబూ?”

“ఈ రోజుకు అన్నాడు.”

“ఈయేల ఇంకా అవ్వలేదు” అన్నాడు ముసలాయన, ఆకాశం చూసి.

అందరం అడ్డదారినే ఎక్కాం. వాలు మధ్య ఆయన వెనకబడ్డాడు. వంగి గుప్పెడు మన్ను తీసి, నలిపి, వాసన చూశాడు. “ఇంకో రెండేళ్ళకి లేత్తాది” అన్నాడు నాతో. అలవాటు కొద్దీ పక్కన కనపడ్డ తీగ పట్టుకుని లాగి, దాని దుంప పైకి తీశాడు. పెళ్ళానికి కాబోలు. గార్డు తుప్పల్లోంచి వచ్చింది సరిగ్గా అప్పుడే. మిగిలిన ముగ్గురూ పైకి పరుగెత్తారు. ముసలాయన పరుగెత్తలేదు. అనుమతి ఉందిగా.

“దొరగారు ఈ రోజుకు అనుమతి ఇచ్చారు” అన్నాను నేను గార్డుతో.

“దొర ఏరండి?” అన్నాడు గార్డు.

“కిందికి వెళ్ళిపోయారు.”

“అయితే అనుమతి కూడా ఆయనతోనే దిగిపోయిందండి. ఆయన తన్ని మొయ్యడానికిచ్చారు గానీ, దుంపలు తవ్వుకోడానికిచ్చేరా?” అని ముసలాయన వైపు తిరిగాడు. “ఏరా, ఎన్నాళ్ళబట్టి తిరుగుతున్నావు ఈ కొండలో?”

ముసలాయన దుంప చేతిలో ఉండగానే నిటారుగా నిలబడ్డాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన గుడారంలో ఒకసారి చెప్పి ఉన్నాడు.

“తాతలబట్టి” అన్నాడు.

నేనూ ఆ కొండలోనే నిలబడి ఉన్నాను, అదే దారిన వచ్చాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నాకు బి.ఎ. ఉంది.

నేరం కాగితం ఇంగ్లీషులో రాయవలసింది గుమాస్తా. గార్డు చెప్పింది చెప్పినట్టు విన్నాడు. నేను అనుమతి సంగతి చెప్పాను. “అది దొరగారు వచ్చాక చెప్పుకుందురుగాని” అన్నాడు. తరువాత కలం ముంచి, నింపాదిగా, పెదవులు కదుపుతూ రాశాడు: ‘ది అక్యూజ్డ్ హేజ్ బీన్ ట్రెస్పాసింగ్ సిన్స్ ద టైమ్ ఆఫ్ హిజ్ గ్రాండ్‌ఫాదర్స్.’

“గుమాస్తా గారూ, ఇదే మాట హక్కు కోసం చెబితే తెగిపోయిందన్నారు కదా. నేరానికి ఎలా అతికింది?”

ఆయన కాగితం మీద ఇసుక చల్లి, ఊది, నా వంక చూశాడు. “వ్యాకరణంలో తప్పుందా, బియ్యే గారూ?”

లేదు. అంత ఖరీదు పెట్టి నేర్చుకున్న వాక్యాన్ని మనిషి ఎక్కడో ఒక చోట వాడుకోకుండా ఉండలేడు.

దొర కోలుకుని తిరిగొచ్చాడు. అనుమతి ఇచ్చిన సంగతి అడిగాను. జ్వరంలో ఏమన్నాడో తనకు గుర్తులేదన్నాడు. అబద్ధమాడే మనిషి కాడు గనక నిజంగానే గుర్తుండి ఉండదు. గుమాస్తా వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాడు, ఈసారి మెచ్చుకోలు గీత. పక్కన ‘పర్ఫెక్ట్’ అని రాశాడు. తాతల నాటి నుంచి ఎడతెగక సాగుతున్న నేరం గనక మామూలు జరిమానా సరిపోదన్నాడు. ముసలాయనను మైదానంలో జైలుకు పంపారు. ఎండాకాలం ముందుంది.

తరువాతి సంతలో ముసలమ్మ నన్ను పట్టుకుంది. ఉప్పు మూట నెత్తిన, చుట్ట నోట్లో.

“మావోడు జైల్లో ఉన్నాడు. ఎన్నాళ్ళబట్టో నీ ఇంగ్లీసులో సెప్పు.”

“ఎందుకమ్మా?”

“నీ మాటకి దొర నవ్వుతాడు. నా మాటకి నవ్వడు. నువ్వు సెప్పిన మాట నాను సెప్పుకుంటాను.”

నేను చెప్పాను. “హీ హేజ్ బీన్ ఇన్ జెయిల్” అంటే వ్యాకరణానికి సరిపోతుంది గానీ ఆవిడ అడిగింది అది కాదనిపించి, “హీ హేజ్ బీన్ సిట్టింగ్ ఇన్ జెయిల్” అని చెప్పాను. ఆవిడ నోట్లోని నిప్పు తగలకుండా చూసుకుంటూ రెండు మూడుసార్లు అని చూసుకుంది.

“ఇందులో మావోడేడి?”

“హీ.”

“అంతేనా? మనిషి అంత సిన్నోడైపోనాడేటి?” అంది.

ఆనాటినుంచి ప్యాంటు వేసుకున్న ప్రతి మనిషికీ ఎదురుపోయి ఆ వాక్యం చెప్పేది. సర్వే వాళ్ళకు చెప్పింది. టీకాల డాక్టరుకు చెప్పింది. గుర్రం మీద పోతున్న ఫాదరీకి చెబితే ఆయన జేబులోంచి మిఠాయి తీసి ఇచ్చాడట. దొరకూ చెప్పింది. దొర నవ్వాడు, ఆవిడ చెప్పినట్టే. ఇంత మంచి వాక్యం ఎవరు నేర్పారని నన్ను అడిగి, నేనేనని తెలిసి భుజం తట్టాడు. తరువాత బదిలీ మీద వెళ్ళిపోయాడు.

ఎండలు ముదిరాక కింది నుంచి కబురొచ్చింది. కొండవాళ్ళకు మైదానం పడదు, దొరలకు కొండ పడనట్టే. దొరలకయితే డోలీ ఉంటుంది. ముసలాయన జైల్లోనే పోయాడు. ఊళ్ళో చేసుకునే తంతు చేసుకున్నారు.

ఆ వారం సంతలో కూడా ముసలమ్మ అదే చోట నిలబడి, కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరుకు అదే వాక్యం చెబుతోంది. హీ హేజ్ బీన్ సిట్టింగ్ ఇన్ జెయిల్. గుమాస్తా, నేనూ కూరలు కొనుక్కుంటున్నాం. ఆయన చెవి ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆయన ముఖంలో బాధ కనిపించింది.

“ఏమండీ బియ్యే గారూ, ఆవిడకు చెప్పొద్దూ?”

“ఏమని?”

“ఇంకా హేజ్ అంటుందేమిటి?”

నేను కదలలేదు. ఆయనే వెళ్ళాడు. ఇంజనీరు వెళ్ళిపోయాక ఆవిడ పక్కన నిలబడి, పిల్లలకు చెప్పినంత ఓపిగ్గా, “హేజ్ కాదమ్మా. ఇప్పుడు హాడ్ అనాలి” అన్నాడు.

“తేడా ఏటి?”

“హేజ్ అంటే ఇంకా ఉన్నాడని. హాడ్ అంటే... ఇప్పుడు లేడని.”

ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. నిప్పు వైపు చూసింది. ఆరలేదు.

“కొండ పడుకుంటే లేదన్నారు. మావోడు పడుకుంటే లేడంటన్నారు. మీ కాడ పడుకున్నోలు ఎవులూ ఉండరేటి బాబూ?” అంది. చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, సంత చివర గుర్రం దిగుతున్న ఎవరో కొత్త దొర కనపడితే అటు నడిచింది. ఇక్కడికి వినపడేలా మొదలుపెట్టింది. హేజ్ దగ్గర గొంతు పెంచింది.

గుమాస్తా కాసేపు విన్నాడు. వంకాయల సంచీ చెయ్యి మార్చుకున్నాడు.

“వ్యాకరణం పోయిందిగానీ” అన్నాడు, “ఉచ్చారణ మాత్రం ఫరవాలేదు.”